ఎక్కితే సగం దారే

వానాకాలంలో శనివారం రాత్రి ముంబై నుంచి బయల్దేరే ఆఖరి కసారా లోకల్ రైల్లో ఆఫీసు సంచులకన్నా వీపు సంచులే ఎక్కువ. కసారాలో దిగి జీపులెక్కే ఈ కుర్రకారు గమ్యం అహిల్యానగర్ (పాత అహ్మద్‌నగర్) జిల్లాలోని బారీ గ్రామం. ఆ ఊరి వెనకే 1,646 మీటర్ల కల్సూబాయి. మహారాష్ట్రలో అంతకన్నా ఎత్తైన శిఖరం లేదు. కొన మీద అమ్మవారి చిన్న గుడి, నిటారు బండల దగ్గర ఇనుప నిచ్చెనలు. నిచ్చెనలున్నాయన్న ధైర్యంతోనే చాలామంది తొలి ట్రెక్కింగ్‌కు దీన్ని ఎంచుకుంటారు.

తెలుగు కుర్రాళ్లకైతే మరో ధీమా, అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లూ ఎక్కేశామని. కానీ అక్కడ తలపై కప్పు, దారి పొడవునా నీళ్లు, దీపాలు ఉంటాయి. సామాను దేవస్థానమే పైకి చేరుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, దిగేటప్పుడు బస్సుంటుంది. కల్సూబాయికి బస్సు లేదు.

కొత్తవారి లెక్క తప్పేది ఇక్కడే. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నెయిస్మిత్ 1892లో ఓ సూత్రం చెప్పాడు. నేటి కొలతల్లో అది ఐదు కిలోమీటర్లకో గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. బారీ నుంచి దారి ఆరు కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు 850 మీటర్లు అనుకున్నా రెండున్నర గంటలు దాటుతుంది. అదీ ఎక్కడా ఆగని, అలవాటున్న మనిషికి. ఆదివారం నిచ్చెనల దగ్గర కట్టే క్యూ సంగతి పాపం నెయిస్మిత్‌కేం తెలుసు?

లీటరు సీసా ఎక్కేటప్పుడే ఖాళీ అవుతుంది. దారిలో ఊరివాళ్లు నిమ్మరసం, దోసకాయలు అమ్ముతారు గానీ వారం మధ్యలో వెళితే ఆ భరోసా ఉండదు. మనిషికి మూడు లీటర్లంటే మూడు కిలోల బరువు. అందుకే కొత్తవాళ్లు ముందుగా తగ్గించేది నీళ్లనే, కెమెరాను కాదు. వాన తగ్గాక అక్టోబరు ఎండలో, నీడలేని గుట్టల మీద ఆ పొదుపు ప్రాణం మీదికి తెస్తుంది.

జీన్స్ మరో పొరపాటు. తడిస్తే బరువెక్కుతుంది, ఆరదు. శిఖరం మీద ఊరికన్నా ఐదారు డిగ్రీల చల్లదనం, దానికి తోడు ఈదురుగాలి. తడిబట్టలతో వణుకు మొదలైతే కాళ్లు మాట వినవు. గొడుగు ఆ గాలికి నిలవదు, రెయిన్‌కోటే మేలు. ఉరుములు వినబడితే మాత్రం ఇనుప నిచ్చెనలకు, కమ్మీలకు దూరంగా ఉండాల్సిందే.

బూట్ల సంగతి దిగేటప్పుడే తెలుస్తుంది. వేళ్లు బూటు ముందు భాగానికి కొట్టుకుని గోళ్లు నల్లబడతాయి. గోళ్లు కత్తిరించుకుని, చీలమండ దగ్గర లేసులు బిగిస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. కొత్త బూట్లయితే రెండు వారాలు వీధుల్లో నడిచి అలవాటు చేసుకోవాలి. పాచి పట్టిన నల్లబండ మీద మాత్రం ఏ కంపెనీ బూటైనా జారుతుంది. ఆదరాబాదరాగా దిగేవాళ్లే ఎక్కువగా పడతారు. ఒక ఈల వెంట ఉంటే మంచిది. నిమిషంలో ఆరుసార్లు ఊది, నిమిషం ఆగి మళ్లీ ఊదితే అది ఆపద సంకేతం.

ఎన్నింటికి వెనక్కి తిరగాలో కింద ఉండగానే నిర్ణయించుకుని, ఇంట్లో ఎవరికైనా చెప్పి వెళ్లాలి. ఆ వేళకు శిఖరం వంద మీటర్ల దూరంలో ఉన్నా సరే, తిరగాల్సిందే. కొత్తవాళ్లకు అన్నిటికన్నా కష్టమైనది ఇదే. చీకటిపడితే ఫోన్ లైటుంది కదా అనుకుంటారు. నిచ్చెన దిగడానికి రెండు చేతులూ కావాలి. తలకు కట్టుకునే టార్చి ఉన్నవాళ్లు ముందు దిగిపోతారు, మిగతావాళ్లు ఆ వెలుగు కోసం బండ మీద కూర్చుని ఎదురుచూస్తారు.