మగ్గం పట్టని కటకం

కుప్పంలో ఇంజనీరింగు చదువుకుంటున్న మా అక్క కొడుకు మొన్న రాత్రి పది దాటాక ఫోన్ చేశాడు. ఆ వేళప్పుడు ఫోన్ వస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. విషయం మాత్రం ఇది: "మామా, సెకండ్ హ్యాండ్‌లో నైకాన్ కెమేరా తీసుకున్నా. ప్రైమ్ లెన్సు ఒకటి కొనాల. యాభై తీసుకుందునా, ముప్పై అయిదు తీసుకుందునా? ఇక్కడ అందరూ యాభైయే అంటా ఉండారు."

రెండు ముక్కల్లో చెప్పేసి పడుకోవచ్చు. కానీ ఆ ప్రశ్నకు నా దగ్గరున్న సమాధానం రెండు ముక్కల్లో ఒదిగేది కాదు. "రేపు చెబుతాలేరా" అని పెట్టేశాను. వాడికి చెప్పవలసినదంతా ఇక్కడ రాస్తున్నాను. కెమేరాల గోల పట్టని మిత్రులు మన్నించాలి. అయితే ఇది పూర్తిగా కెమేరాల గోల కూడా కాదు.

నేను తెలుగు మాధ్యమంలో చదువుకున్నవాణ్ణి. లెన్సు అన్న మాట కన్నా ముందు నాకు 'కుంభాకార కటకం' తెలుసు. పదో తరగతిలో మా అయ్యవారు ఆ కటకాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుని, వెనుక తెల్లకాగితం పెట్టి ముందుకూ వెనుకకూ జరిపితే, బయటనున్న వేపచెట్టు తలక్రిందులై కాగితం మీద వాలింది. కటకానికీ కాగితానికీ మధ్యనున్న దూరాన్ని కొలిపించి, "దూరపు వస్తువుకు ఇదేరా నాభ్యంతరం" అన్నారు. ఛాయాగ్రహణంలో నాకు తెలిసినదంతా ఆ వేపచెట్టుకు వ్యాఖ్యానమే.

2007లో, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, నైకాన్ డి40 కొన్నాను. దానితోపాటు 18-55 జూమ్ వచ్చింది. రెండు నెలలు తిరగకముందే ఆ జూమ్ అంటే చిన్నచూపు ఏర్పడింది. పెద్దల మాటలు చదివాను కదా! కార్టియే-బ్రెసాఁ అంతటివాడు జీవితమంతా దాదాపు ఒక్క 50 మి.మీ. కటకంతోనే గడిపాడట. 1925లో వచ్చిన తొలి లైకాకు బిగించినదీ 50 మిల్లీమీటర్లదే. ఇక నాకు మాత్రం మరొకటి ఎందుకు? జూమ్ అన్నది బద్ధకస్తుల పనిముట్టనీ, ప్రైమ్ వాడేవాడు కాళ్ళతో జూమ్ చేస్తాడనీ నమ్మాను. 50 మి.మీ. ఎఫ్ 1.8డి కొనేశాను. బరువు 155 గ్రాములు, అరచేతిలో ఇమిడిపోతుంది.

గదికి వచ్చి బిగించాక గానీ మొదటి సంగతి బోధపడలేదు. ఆ కటకంలో మోటారు లేదు, డి40 శరీరంలోనూ లేదు. కనుక తనంతట తాను నాభి కుదుర్చుకోదు. చేత్తో తిప్పుతూ, వ్యూఫైండరు అంచున పచ్చచుక్క వెలిగేదాకా ఆగాలి. అడగకపోవడం నాదే తప్పు. పైగా ఆ కష్టాన్ని కూడా కళాసాధనలో భాగంగానే జమకట్టుకున్నాను.

రెండో సంగతి బోధపడటానికి మదనపల్లె వెళ్ళవలసి వచ్చింది.

మా అమ్మగారి పుట్టిల్లు నీరుగట్టువారిపల్లె. మదనపల్లె పట్టుచీరలని బయట పేరుపడినవాటిలో చాలా భాగం ఆ వీధుల్లో నేసినవే. తాతది గుంటమగ్గం. ముందుగదిలో సింహభాగం మగ్గానిదే. పైన జకార్డు, కింద గుంటలో తాత కాళ్ళు, ఎదురుగా పడుగు. మనుషులు తిరగడానికి మిగిలింది గోడవార సన్నటి దారి. వెలుతురు ఒక్క కిటికీనుంచి, ఆపైన ఒక ట్యూబులైటునుంచి.

ఆ దీపావళికి నేను కొత్త కటకంతో వెళ్ళాను. జూమ్‌ని కావాలనే బెంగళూరు గదిలో వదిలి వెళ్ళాను. దగ్గరుంటే చెయ్యి అటే పోతుందని, వ్రతం చెడుతుందని!

తాత కటకాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇది దగ్గరికీ దూరానికీ జరగదు తాతా, ఒకే కొలత అని చెప్పాను. "మా అచ్చు మాదిరే. అచ్చు ఎంత వెడల్పుంటే అంత గుడ్డే పడుతుంది" అన్నాడు. ప్రైమ్ కటకానికి అంతకన్నా క్లుప్తమైన నిర్వచనం నేను ఇంతవరకూ చదవలేదు. తరువాత చేతులు తుడుచుకుని, చొక్కా తొడుక్కుని వచ్చి గుంటలో కూర్చున్నాడు. "మగ్గంతో కలిపి పట్టు నాయనా. ఊరికే మొగం ఎందుకు?" అన్నాడు.

నేను గోడకు వీపు ఆనించాను. ఇంకా వెనక్కి జరగడానికి గోడ ఒప్పుకోలేదు. వ్యూఫైండరులో తాత మొహం, భుజాలు, అంతే. మగ్గం లేదు. వంగాను, కూర్చున్నాను, కెమేరాను నిలువుగా పట్టుకున్నాను. మొహం ఉంటే చేతులు లేవు, చేతులు ఉంటే మొహం లేదు. కాళ్ళతో జూమ్ చేయడమన్న సిద్ధాంతం గోడలున్న ఇళ్ళలో పుట్టింది కాదని అప్పుడు అర్థమయింది.

లెక్క చాలా చిన్నది, అల్లుడి కోసం ఇక్కడ పెడుతున్నాను. పాత ఫిల్మ్ ఫ్రేము కొలత 36×24 మి.మీ. నైకాన్ క్రాప్ సెన్సరు దాదాపు 23.6×15.7 మి.మీ. అంటే కటకం వేసిన బొమ్మలో అంచులు కత్తిరించి నడుమ ముక్కను మాత్రమే తీసుకుంటుంది. కటకం మారదు, దాని నాభ్యంతరమూ మారదు. చూపు మాత్రం ఇరుకవుతుంది. ఫిల్మ్ మీద 46 డిగ్రీలు చూసే 50 మి.మీ. కటకం ఇక్కడ 31న్నర డిగ్రీలే చూస్తుంది. ఒకటిన్నరతో హెచ్చవేస్తే, ఫిల్మ్ మీద 75 మి.మీ. ఎలా చూసేదో అలా చూస్తుందన్నమాట. బ్రెసాఁ చూసిన చూపు నాకు కావాలంటే నేను కొనవలసింది 35 దరిదాపుల్లోది.

ఇంకొక లెక్క, కొనేముందు ఎవరైనా వేసుకోవచ్చు. సెన్సరు వెడల్పును నాభ్యంతరంతో భాగించి, మనిషి ఉన్న దూరంతో హెచ్చవేస్తే ఫ్రేములో పట్టే వెడల్పు వస్తుంది. నా గోడకూ తాతకూ మధ్య 6 అడుగులు. 50తో పట్టేది 2.8 అడుగులు. 35తో 4 అడుగులు. 24తో 5.9 అడుగులు. మగ్గం చట్రం ఐదడుగుల పైమాటే. అంటే నేను తరువాత ఎంతో పొగిడిన 35 కూడా ఆ గదిలో మగ్గాన్ని పూర్తిగా పట్టేది కాదు. పట్టగలిగినది, 18 దగ్గర దాదాపు 7.9 అడుగులు చూసే ఆ చవక జూమ్. అది బెంగళూరులో, నా గదిలో, అలమరాలో ఉంది.

"మళ్ళీ వచ్చేటప్పుడు వేరే లెన్సు తెస్తాలే తాతా" అన్నాను. మొహం మాత్రం తీసుకుని వచ్చేశాను. తిరుగు ప్రయాణంలో బీటీ కాలేజీ దగ్గర దిగి, 1919లో రవీంద్రుడు 'జనగణమన'ను ఆంగ్లంలోకి మార్చిన ప్రాంగణాన్ని తీయబోతే అదీ ఫ్రేములో పట్టలేదు. అక్కడైతే రోడ్డు దాటి వెనక్కి వెళ్ళగలిగాను.

2008 జనవరిలో తాత పోయాడు. నేను తీసిన మొహాన్నే పెద్దది చేయించి, చట్రం కట్టించి, దండ వేశారు. వచ్చినవాళ్ళందరూ బ్రతికి ఉన్నట్టే ఉందన్నారు. కళ్ళు స్పష్టంగా, వెనుక గోడ మెత్తగా కరిగిపోయి, ఆ కటకం చేయగలిగినదంతా చేసింది. అవ్వ చాలాసేపు చూసి, "మొగం బాగనే పడింది. మగ్గం యాడబోయె?" అంది. నింద కాదు, నిజంగానే అడిగింది. నేను జవాబు చెప్పలేదు.

మా వాడికి ఒక హెచ్చరిక. ఈ కథ విని 50 మి.మీ.ను తీసిపారేయకు. అదే కటకంతో పుంగనూరు దగ్గర ఒక రైతు ఇంట్లో పొట్టి ఆవును తీశాను. పుంగనూరు ఆవు ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు. పాలు తక్కువే అయినా వెన్న శాతం దాదాపు 8 ఉంటుందంటారు. నిలబడి తీస్తే దూడలా కనబడుతుంది. గొంతుక్కూర్చుని, కెమేరాను దాని కళ్ళ ఎత్తుకు దించాలి. 50తో ఏడెనిమిది అడుగుల దూరంలో ఉండగలిగాను కనుక ఆవు బెదరలేదు, మూతి ఉబ్బినట్టు పడలేదు. మూతి ఉబ్బడం కటకం దోషమని చాలామంది అనుకుంటారు. అది మన దూరం దోషం. ఏ కటకమైనా ముక్కు దగ్గరికి పోతే ముక్కే పెద్దదవుతుంది. 35తో ఫ్రేము నింపాలంటే మరింత దగ్గరికి పోవాలి, చిక్కల్లా అక్కడ.

కానీ ఆ ఫోటోలు చూసి రైతు పెదవి విరిచాడు. "ఇందులో నా ఆవు పొట్టిదని ఎట్ల తెలిసేది సార్?" అన్నాడు. ఆవు ఒక్కటే ఉంది. పక్కన మనిషి లేడు, బిందె లేదు, గడప లేదు. అందంగా ఉంది, పుంగనూరుది అనడానికి ఆధారం లేదు. మళ్ళీ అదే ప్రశ్న: మగ్గం యాడబోయె?

ఇక కుప్పం. మేలో గంగమ్మ జాతరకు మూడు రాష్ట్రాల జనం వస్తారు. నువ్వు ముందు తీసేది అదేనని నాకు తెలుసు. అక్కడ రాత్రి వెలుతురులో ప్రైమ్ విలువ తెలుస్తుంది. 18-55 జూమ్ 55 దగ్గర ఎఫ్ 5.6కి మించి తెరుచుకోదు. ఎఫ్ 1.8 దానికన్నా దాదాపు పదింతల వెలుతురును లోపలికి రానిస్తుంది. ప్రైమ్‌తో సెకనులో 60వ వంతుకు తీయగలిగిన ఫోటోకు జూమ్‌తో 6వ వంతు కావాలి. ఆ లోపల పళ్ళెంలో కర్పూరం కదులుతుంది, మనిషి కదులుతాడు, నీ చెయ్యీ కదులుతుంది. ఇది ఏ ఉపన్యాసమూ మార్చలేని వాస్తవం.

దానికి మూల్యమూ ఉంది. ఆరున్నర అడుగుల దూరంలో, ఎఫ్ 1.8 దగ్గర, 50తో స్పష్టంగా ఉండే లోతు సుమారు బెత్తెడు. 35తో జానెడు. తోపులాటలో బెత్తెడులో నాభి నిలపడం నా వల్ల కాలేదు. ఒకసారి జాతరలో తీసిన మూడు వందల ఫోటోల్లో పనికివచ్చినవి పదకొండు. జానెడు కొంచెం దయగలది.

2009 ఫిబ్రవరిలో నైకాన్ 35 మి.మీ. ఎఫ్ 1.8జి డీఎక్స్ ప్రకటించింది. మోటారు కటకంలోనే ఉంది, డి40 మీద కూడా తనంతట తాను పనిచేస్తుంది. అంతకుముందు 2005లోనే సిగ్మా 30 మి.మీ. ఎఫ్ 1.4 ఉండేది గానీ నా జీతానికి అందేది కాదు. 35 దొరికిన వారానికే నీరుగట్టువారిపల్లె వెళ్ళాను. మగ్గం అమ్మేశారు. గుంట పూడ్చి సిమెంటు చేశారు. అక్కడ మంచం వేసి ఉంది. కిటికీ గట్టు మీద తాత నాడె ఒకటి మిగిలి ఉంటే, అడుగు దూరంనుంచి దాన్ని తీశాను. 35 అంత దగ్గరికి పోనిస్తుంది. 50డి అయితే అడుగున్నర దూరంలోనే ఆపేస్తుంది. ఆ కటకంతో నేను తీసిన మొదటి ఫోటో అదే.

అబ్బాయీ, ఇదీ సంగతి. నీది నైకాన్ కనుక, శరీరంలో మోటారు ఉందో లేదో ముందు చూసుకో. లేకపోతే పేరులో 'ఏఎఫ్-ఎస్' అని ఉన్నదే తీసుకో. 50లో కూడా 2011లో అలాంటిది వచ్చింది. నీ పక్కగది కుర్రాడిది కానన్ అయితే ఈ మోటారు బాధ లేదు, 1987నుంచి ఈఎఫ్ కటకాలన్నిటిలోనూ అది లోపలే ఉంది. అక్కడ హెచ్చవేత 1.6, ఇరుకు గదులకు 2014లో వచ్చిన పలుచటి 24 మి.మీ. బాగుంటుంది.

కొనేముందు ఒక వారం ఈ పని చెయ్యి. నీ జూమ్‌ని 35 దగ్గర పెట్టి, తిరగకుండా టేపు అంటించు. మూడు రోజులు దానితోనే తియ్యి. తరువాత మూడు రోజులు 50 దగ్గర. ఎక్కడ నీ వీపుకు గోడ తగులుతోందో రాసుకో. ఎవరి చేతులు తెగిపోతున్నాయో రాసుకో. నువ్వు తీసేది ఎక్కువగా ఇళ్ళలోనూ జాతరల్లోనూ గనుక, చివరికి 35 దగ్గరే తేలుతావని నా అంచనా. అదే కొను.

కానీ ఆ జూమ్‌ని అమ్మేయకు, గదిలో వదిలి వెళ్ళకు. సంచిలో ఒక మూల పడి ఉంటుంది, బరువేమీ కాదు. ఎవరైనా "ఇది కూడా కలిపి పట్టు నాయనా" అని అడిగినప్పుడు, మన వ్రతం వాళ్ళకు అడ్డం రాకూడదు.

సంక్రాంతికి ఊరికి వస్తావు కదా. అమ్మమ్మ రుబ్బురోలు దగ్గర కూర్చుంటుంది. రుబ్బురోలుతో కలిపి తియ్యి.