రజతం కన్నా దూరం పడ్డ గుండు

2023 అక్టోబర్, చైనాలోని హాంగ్జౌ. ఆసియా పారా క్రీడల్లో రొంగలి రవి గుండు 9.92 మీటర్లు పడింది, రజతం వచ్చింది. ఏడాది తిరక్కుండానే పారిస్ పారాలింపిక్స్‌లో అదే నాలుగు కిలోల గుండు 10.63 మీటర్లు పడింది. ఈసారి ఐదో స్థానం. పతకం లేదు.

రెండోది నేను కళ్లారా చూశాను. మేముండేది పారిస్ శివారులోనే. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. అనకాపల్లి జిల్లా చిరికివానిపాలెం కుర్రాడు స్టాడ్ ద ఫ్రాన్స్‌లో ఆడుతున్నాడంటే ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. రొంగలి వాళ్లు మా వైపూ ఉన్నారు. చుట్టరికం కలపడానికి మాకు ఆ మాత్రం చాలు!

రవి ఆడే ఎఫ్40 అంటే పొట్టివాళ్ల విభాగం. మగవాళ్లకైతే ఎత్తు 130 సెంటీమీటర్లు దాటకూడదు, చేతి పొడవుకీ కొలత ఉంది. గుండుని మెడకి ఆనించి పట్టుకోవాలి. చెయ్యి భుజం వెనక్కి పోకూడదు. బంతిలా విసిరితే చెల్లదు, భుజం మీంచి నెట్టాలి. పరిగెత్తుకు రావడానికి చోటుండదు, ఉన్నదల్లా రెండు మీటర్ల పైచిలుకు వలయం. బలమంతా పాదం దగ్గర పుట్టి, నడుములో తిరిగి, వేళ్ల కొసల్లోంచి బయటికి పోవాలి. ఇంతా చేశాక ఒళ్లు ఆగక, ముందున్న చెక్క మీద కాలు పడిందా, ఎర్ర జెండా. ఆ నెట్టు నెట్టనట్టే.

మా ఊళ్లలో బలమంటే సంగిడి రాయి ఎత్తడమే. లేచిందా, లేవలేదా, అంతే. గుండు సంగతి అలా కాదు, సెంటీమీటర్ల బేరం. పదేసి సెంటీమీటర్ల కోసం నెలలు పోతాయి. అలాంటిది ఏడాదిలోపు 71 సెంటీమీటర్లు!

సాయంత్రం గజపతినగరం నుంచి మావయ్య ఫోను. "బావూ, మనోడికి మెడలొచ్చినాదేటి?"

"రాలేదు మావయ్యా. ఐదో వాడు."

"అలాగేటి," అని వెంటనే చేలో నీళ్ల సంగతికి దిగిపోయాడు. ఆయన్ని అని ఏం లాభం? పేపర్లూ టీవీలూ అంతేగా. పతకాల పట్టికలో ఐదో వాడికి గడి ఉండదు. ఆ రోజు రవి తనని తాను దాటాడని ఏ పట్టికా చెప్పదు.

నాకు లెక్కల పిచ్చి. బంగారం పోర్చుగల్ ఆటగాడు మిగెల్ మోంటీరోది, 11.21 మీటర్లు. రవికీ అతనికీ తేడా 58 సెంటీమీటర్లు. కంచుకైతే 40. హాంగ్జౌ నుంచి పారిస్ దాకా రవి పెంచుకున్నది ఆ రెంటికన్నా ఎక్కువే. పైకి పోయేకొద్దీ ఒక్కో సెంటీమీటరు ఖరీదు పెరుగుతుందని తెలుసు, అందుకే ఈసారీ అంతే పెరుగుతుందని పందెం కాయను. కానీ వచ్చే పారాలింపిక్స్ 2028లో, లాస్ ఏంజెలెస్‌లో. అక్కడ మా చిన్నాన్న కొడుకున్నాడు. ఆగస్టులో గది ఖాళీగా ఉంచమని ఇప్పుడే చెప్పేశాను.