అవ్వతో చూసిన కట్టబొమ్మన

మా వెంబకోట్టై పేరు చెబితే ఈ కాలపువాళ్ళకు టపాకాయల ఫ్యాక్టరీలు గుర్తుకు వస్తాయి. 2022లో వైప్పారు ఒడ్డున తవ్వకాలు మొదలై శంఖు గాజులూ మట్టి బొమ్మలూ బయటపడ్డాయి గనుక పత్రికలు చదివేవారికి అవీ గుర్తుండవచ్చు. నాకు మాత్రం ఒక సినిమా డేరా, అందులో మా అవ్వ పెట్టిన కేక గుర్తుకు వస్తాయి.

అది 1960 ఎండాకాలం. నాకు తొమ్మిదేళ్ళు. అప్పటికి మాది రామనాథపురం జిల్లా. మాకంటూ వేరే జిల్లా 1985లో గాని పుట్టలేదు. పత్తి ఏరడం అయిపోయి, నల్లరేగడి నెరలు విచ్చి ఉన్న రోజులు. సాత్తూరు దారిలో టూరింగ్ టాకీసువారు డేరా వేసి 'వీరపాండియ కట్టబొమ్మన్' తెచ్చారని ఊరంతా ఒకటే గోల. బి. ఆర్. పంతులుగారు తీసిన ఆ రంగుల చిత్రం 1959 మే నెలలో విడుదలై, పట్నాలన్నీ తిరిగి తిరిగి, అరిగిన రీళ్ళతో మా దాకా వచ్చేసరికి ఏడాదయింది.

మా అవ్వ సినిమాలకు వచ్చే మనిషి కాదు. కాని కట్టబొమ్మన అనగానే మూలనున్న చేతికర్ర తీసుకుంది. మేము రాజకంబళంవాళ్ళం, మా ఇంటి దేవత జక్కమ్మ. పాంచాలంకురిచ్చి పాలెగాడు మాకు చరిత్ర పుస్తకంలోని మనిషి కాదు, ఇంటి మనిషి. గెట్టిబొమ్ము అన్న తెలుగు పేరే అరవవాళ్ళ నోట కట్టబొమ్మన్ అయిందని మా పెద్దలు చెప్పేవారు.

నాయన బండి కట్టాడు. గడ్డి మీద దుప్పటి పరిచి, కారాసేవు పొట్లమూ నీళ్ళ చెంబూ పెట్టుకుని పొద్దు గుంకకముందే బయలుదేరాము. నేల టిక్కెట్టు తీసుకుని ఇసుకలో కూర్చున్నాము. ముందున్నవాడి తల అడ్డం రాకుండా నేను ఇసుక కుప్ప పోసుకుని దాని మీదెక్కాను. నా వెనకవాడు ఊరుకుంటాడా, ఒక తన్నుతో దాన్ని చదును చేశాడు.

శివాజీ గణేశన్ తెర మీదికి రాగానే ఈలలు, చప్పట్లు. ఆయన గొంతెత్తి నాలుగు మాటలన్నాడో లేదో అవ్వ గట్టిగా, "ఏమిరా, రాజు అరవం మాట్లాడుతున్నాడు?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "సినిమా అరవం గదమ్మా" అన్నాడు నాయన. "అదికాదురా, ఇంట్లో పెండ్లాంతో కూడానా?" అంది. దానికి నాయన దగ్గర జవాబు లేదు. ఆ మాటకొస్తే నా దగ్గరా ఈనాటికీ లేదు.

రాణి పేరు జక్కమ్మ. ఆ వేషం వేసినావిడ మన ఎస్. వరలక్ష్మి. ఆమె కనబడ్డప్పుడల్లా అవ్వ దణ్ణం పెట్టింది. అమ్మవారు కాదమ్మా, ఆయన పెండ్లామని నాయన చెప్పినా వినలేదు. రీలు మార్చడానికి దీపాలు వెలిగినప్పుడు మాత్రమే చేతులు దించింది.

ఎట్టప్పన్ వచ్చాడు. డేరా అంతా ఛీ అని ఉమ్మింది. నేనూ ఉమ్మాను. అవ్వ నా మూతి మీద ఒక్కటిచ్చింది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

కయత్తారులో చింతచెట్టుకు ఉరితాడు వేలాడదీసినప్పుడు అవ్వ లేచి నిలబడి, "అయ్యో నా బిడ్డా!" అని కేక పెట్టింది. వెనకనుంచి కూర్చోమని అరిచారు. ముందు వరసలో ఎవరో ముసలాయన తిరిగి చూసి, మన మాటలోనే, "ఊరుకో అవ్వా, అది బొమ్మే" అన్నాడు. అంటూనే కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

తిరుగు బండిలో అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఎట్టప్పా జక్కమ్మకు మొక్కినవాడేరా. మా నాయన ఆ జమీను నేల దున్నే మమ్మల్ని సాకినాడు" అంది. అవ్వ పుట్టిల్లు ఎట్టయపురం పక్క పల్లె అని అప్పుడు గుర్తొచ్చింది. పెద్దయ్యాక చదివాను: ఎట్టయపురంవారు కుంపిణీ పక్షాన నిలిచి యుద్ధం చేసిన మాట నిజమే. కాని కట్టబొమ్మనను పట్టి అప్పగించింది పుదుక్కోట్టై తొండమాను. 1799 అక్టోబరు 16న ఉరి తీశారు. ద్రోహికి మారుపేరు మాత్రం ఎట్టప్పకే అంటుకుంది. భారతి పుట్టిన ఊరు కూడా అదేనని తిట్టేవాళ్ళకు జ్ఞాపకం ఉండదు.

ఆ బండి మాటను నేను మరునాడు బడిలో చెప్పాను, తెలివితక్కువతనం. అప్పటినుంచి ఏడాదిపాటు నన్ను ఎట్టప్పన్ అనే పిలిచారు. ఏడుపు, రోషం. వాళ్ళను ఏమీ చేయలేక కోపమంతా ఇంటి మీదికి తెచ్చుకున్నాను. ఒకనాడు సాత్తూరు సంతలో అవ్వ నన్ను బిగ్గరగా తెలుగులో పిలిస్తే, "ఇక్కడ అరవంలో మాట్లాడవ్వా" అన్నాను. అవ్వకు సంతలో బేరమాడేంత అరవం బాగానే వచ్చు. అయినా ఆ రోజు ఇల్లు చేరేదాకా ఏ భాషలోనూ మాట్లాడలేదు. నేను పై చదువుకు వెళ్ళిన ఏడు అవ్వ పోయింది. ఆ మాట వెనక్కు తీసుకున్నట్టు నేను చెప్పనేలేదు.

2015లో ఆ చిత్రాన్నే కొత్తగా బాగుచేసి మళ్ళీ విడుదల చేశారు. మనవరాలిని తీసుకుని మధురై వెళ్ళాను. చల్లని హాలు, మెత్తని కుర్చీ, ఇసుక లేదు. ఎట్టప్పన్ వచ్చినప్పుడు నలుగురు కుర్రాళ్ళు ఈల వేశారు గాని ఎవరూ ఉమ్మలేదు. చింతచెట్టు కనబడగానే నా ప్రయత్నం లేకుండానే నా నోట అవ్వ కేక వచ్చింది. మనవరాలు నా చెయ్యి నొక్కి, "మెల్లగా తాతా, అందరూ చూస్తున్నారు" అని అరవంలో అంది.

తిరుగు బస్సులో ఆ పిల్లకు అవ్వ సంగతంతా చెప్పాను, సంత సంగతితో సహా. విని కొంతసేపు కిటికీలోంచి చూసింది. తర్వాత, "ఆమె ఏమని అరిచింది? మళ్ళీ చెప్పు" అంది. చెప్పాను. తానూ అని చూసింది. బిడ్డను పిడ్డ చేసింది. దిద్దాను. మూడోసారికి సరిగ్గా వచ్చింది. అప్పటికి బస్సు విరుదునగర్ దాటింది.