ఇద్దరూ పెళ్ళివారే!

సినిమాలో సాక్సోఫోన్ వినబడిందంటే తెరమీద ఏం రాబోతోందో మనకి ముందే తెలిసిపోతుంది. అయితే క్లబ్బూ, ఎర్ర దీపాలూ... లేకపోతే వానా, తడిసిన హీరోయినూ! 1969లో వచ్చిన ‘ఆరాధన’లో ‘రూప్ తేరా మస్తానా’ పాటకి సాక్సోఫోన్ ఊదింది మనోహరి సింగ్. అంత బాగా ఊదితే ఏమవుతుంది? అదే వేషం మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఒక్కసారి విలన్‌గా మెప్పించిన నటుడి గతే ఆ వాద్యానికీ పట్టింది.

మధ్యలో 1994లో ‘డ్యూయెట్’ వచ్చింది. బాలచందర్ సినిమా, రెహమాన్ సంగీతం. తెరమీద ప్రభు పట్టుకున్న సాక్సోఫోన్‌కి ప్రాణం పోసింది కద్రి గోపాలనాథ్. మైసూరు ప్యాలెస్ బ్యాండులో ఆ వాద్యాన్ని చూసి మనసు పారేసుకుని, దానిమీద కర్ణాటక సంగీతం పలికించిన మహానుభావుడాయన.

ఇదంతా నాకు చెప్పింది మా మావయ్య. తెనాలిలో పెళ్ళి బ్యాండులో ముప్పై ఏళ్ళు సాక్సోఫోన్ ఊదాడు. పెళ్ళి ఊరేగింపులు, క్రిస్మస్ ఊరేగింపులు, దసరాలకి స్టేజీ ఆర్కెస్ట్రాలు. చిన్నప్పుడు ఆయన ఎర్రకోటూ, భుజాలమీద బంగారు జరీ చూసి మా మావయ్య మిలటరీలో పెద్ద ఆఫీసరనుకునేవాణ్ణి.

పెద్దయ్యాక ఆ కోటే నాకు నామోషీ అయింది. దాచుకోవడమెందుకు, చెప్పేస్తాను. కాలేజీ రోజుల్లో ఓ స్నేహితుడి అన్న పెళ్ళికెళ్ళాం. ఊరేగింపు మొదలైంది. బ్యాండులో ముందు వరసలో మావయ్య! నన్ను చూసి ఊదుతూనే కళ్ళతో నవ్వాడు. నేను తల తిప్పేసుకున్నాను. పక్కనున్నవాడు “ఆయన నీకు తెలుసా?” అంటే “తెలీదు” అన్నాను. బ్యాండువాళ్ళకి భోజనాలు ఆఖరి పంక్తిలో. నేను మొదటి పంక్తిలో తినేసి వచ్చేశాను.

సరే, అసలు సంగతికొస్తాను.

ఈమధ్య ఓ రాత్రి ఫోన్‌లో సాక్సోఫోన్ పాటలు వెతుకుతుంటే ఎడిసన్ డెనిసోవ్ అనే రష్యన్ రాసిన సొనాటా తగిలింది. ఆల్టో సాక్సోఫోన్‌కీ పియానోకీ కలిపి 1970లో రాశాడు. ఆ పేరేమిటి, ఎడిసన్! వాళ్ళ నాన్న రేడియో ఇంజనీరు. అమెరికాలోని థామస్ ఎడిసన్ మీద అభిమానంతో పెట్టుకున్నాడట. సినిమాకి పురుడు పోసినవాళ్ళలో ఆ అమెరికా ఎడిసన్ కూడా ఉన్నాడు కదా, మనకీ చుట్టమే!

ఈ ఎడిసన్ 1929లో సైబీరియాలోని తోమ్స్క్‌లో పుట్టాడు. లెక్కలు చదివి, ఆ డిగ్రీ పక్కన పెట్టి మాస్కో కన్సర్వేటరీలో సంగీతం నేర్చుకున్నాడు. అలా చెయ్యమని ఉత్తరాల్లో ధైర్యం చెప్పింది షోస్టకోవిచ్ అంతటివాడు. కానీ డెనిసోవ్ సంగీతం సోవియట్ పెద్దలకి మింగుడుపడలేదు. 1979లో సంగీతకర్తల సంఘం మహాసభలో ఏడుగురి పేర్లు చదివి మరీ తిట్టారు. అందులో ఈయనదీ ఒకటి. మరి ఇల్లెలా గడిచింది? సినిమాలకి సంగీతం రాశాడు! ‘పేరులేని నక్షత్రం’, ‘ఆదర్శ భర్త’ అనే అర్థాలొచ్చే రష్యన్ సినిమాలకి సంగీతం ఆయనదే. చూశారా, అన్నం పెట్టే చెయ్యి ఎక్కడైనా సినిమాదే!

అన్నట్టు, సోవియట్ దేశంలో సాక్సోఫోన్ అంటేనే పడని రోజులున్నాయి. అది జాజ్ వాద్యం, జాజ్ అమెరికావాళ్ళది. 1949 ప్రాంతంలో దాన్ని ఊదేవాళ్ళు వాద్యమే మార్చుకోవాల్సి వచ్చింది. అలాంటి వాద్యానికి అదే గడ్డమీద పుట్టినవాడు గంభీరమైన సొనాటా రాశాడు. రాసింది జాఁ మారీ లాండెక్స్ అనే ఫ్రెంచి కళాకారుడి కోసం. ఆయన దాన్ని మొదట వాయించింది 1970 డిసెంబరులో, చికాగోలో.

మొదటిసారి విన్నప్పుడు నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! ఎవరో వాద్యం రిపేరు చేస్తున్నారనుకున్నాను. తాళం వేద్దామంటే చెయ్యి గాల్లోనే ఆగిపోతుంది. అయినా రెండోసారి పెట్టాను. మూడోసారీ పెట్టాను. మర్నాడే తెనాలి బస్సెక్కాను.

మావయ్య ఇప్పుడు ఊదడం లేదు. ముందు పళ్ళు ఊడాయి. సాక్సోఫోన్ మూతిని పైపళ్ళతో పట్టుకోవాలి, పట్టు లేకపోతే నాదం నిలవదు. వాద్యం పాత దుప్పట్లో చుట్టి అటకమీద పెట్టేశాడు.

“ఇది విను మావయ్యా” అని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టాను.

మొదటి భాగం వింటూ మొహం చిట్లించాడు. “ఏంట్రా ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు?” అన్నాడు. రెండో భాగంలో పియానో దాదాపు తప్పుకుంటుంది. సాక్సోఫోన్ ఒక్కటే, చీకట్లో తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. రెండు స్వరాలకి మధ్యనుండే సందుల్లోకి కూడా దూరుతుంది. మావయ్య కళ్ళు మూసుకున్నాడు. చూస్తే మోకాలిమీద వేళ్ళు కదులుతున్నాయి. లేని కీలు నొక్కుతున్నాయి!

మూడో భాగంలో జాజ్ ఊపొస్తుంది. ఏ జాజ్ పేరు చెప్పి ఆ వాద్యాన్ని వెలేశారో, ఆ జాజే తలెత్తుకుని వస్తుంది. మొత్తం పన్నెండు నిమిషాలు. అయిపోయాక మావయ్య చాలాసేపు మాట్లాడలేదు.

“ఒరేయ్, ఇందులో పియానోవాడు ఇతని వెనక వాయించట్లేదు. ఇతనూ అతని వెనక నడవట్లేదు. ఇద్దరూ పెళ్ళివారేరా! బ్యాండువాళ్ళెవరూ లేరిందులో” అన్నాడు.

నా గొంతులో ఏదో అడ్డం పడింది. ఆ ఊరేగింపు సంగతి ఎత్తబోయాను. “మావయ్యా, ఆ రోజు నేను...”

“తెలుసులే. ఆ పాటలో రెండో చరణం తప్పూదాను. నువ్వే గుర్తుపట్టలేదనుకున్నా” అని నవ్వేశాడు.

ఆ నవ్వుతో నన్ను వదిలిపెట్టేశాడని మీకు వేరే చెప్పాలా? కానీ నేను నన్ను అంత తేలిగ్గా వదిలెయ్యలేదు. నిచ్చెనేసి అటకెక్కాను. దుప్పటి విప్పి, వాద్యం కిందికి దించి, పాత చొక్కాతో తుడిచాను. ఊదడం నాకు రాదు. మావయ్య పక్కన కూర్చుని వేళ్ళెక్కడ పెట్టాలో చెబుతున్నాడు.

మొదటిరోజు వచ్చింది బర్రె అరుపే. అయితేనేం! వీధిలో పోయేవాళ్ళు ఆగి “ఎవరండీ ఊదుతున్నారు?” అంటే, “మా మేనల్లుడు” అన్నాడు మావయ్య. నాకు తెలిసినవాడేనని ఒప్పుకున్నాడు!