పిల్స్: చేదు నిలిపే నురుగు

కాకరకాయ వండినా మనం దాని చేదు విరవడానికే పాటుపడతాము. ఉప్పు రాసి పిండుతాము, బెల్లం వేస్తాము. చేదును చేదుగానే కోరి పుచ్చుకొనేవారు ఉంటారని ఉత్తర జర్మనీకి ఉద్యోగానికి వచ్చాక గాని నాకు తెలియలేదు. వారి చేదు పేరు పిల్స్.

1842లో బొహీమియాలోని పిల్జెన్ నగరంలో యోజెఫ్ గ్రోల్ అనే బవేరియా నిపుణుడు తొలిసారి కాచిన బంగారు రంగు బీరుకు ఇది జర్మన్ సంతతి. తల్లికన్నా పల్చన, తీపి తక్కువ. ఫ్రీజ్‌లాండ్ ప్రాంతపు యేవర్ పట్టణంలో తయారయ్యే పిల్స్ అయితే చేదుకే పేరుపొందింది.

నాకు దానిని వడ్డించడం నేర్పినవారు పొరుగింటి పెద్దాయన. గ్లాసుకు జిడ్డు గాని సబ్బు గాని అంటి ఉంటే నురుగు చచ్చిపోతుంది. అందుచేత చన్నీళ్ళతో తొలిచి, తుడవకుండానే వాడాలి. సీసా 7, 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మరీ చల్లబరిస్తే నాలుక మొద్దుబారి రుచి తెలియదు. కాడ ఉన్న పొడవాటి గ్లాసును వాలుగా పట్టి సగం దాకా పోస్తారు, ఆగుతారు. నురుగు కుంగాక మళ్ళీ పోస్తారు, మళ్ళీ ఆగుతారు. మూడవసారి పోసేసరికి అంచును దాటి తెల్లని కిరీటం లేస్తుంది. మంచి పిల్స్ పోయడానికి 7 నిమిషాలు పట్టాలని అక్కడ ఒక పాత మాట. అంతసేపు ఉంచితే చప్పబడిపోతుందని, 3 నిమిషాలు చాలునని ఆయన నవ్వేవారు.

ముందు హాప్ పువ్వుల వాసన, ఎండుగడ్డిని తలపిస్తూ. పెదవికి నురుగు మెత్తగా తగులుతుంది. ధాన్యపు లేత తీపి ఒక్క క్షణం కనిపించి తప్పుకుంటుంది. ఆ తరువాత చేదు. మింగాక కూడా నాలుక వెనుక నిలిచి ఉంటుంది.

ఆ నిరీక్షణలో నాకు మా మేనమామ గుర్తుకు వస్తాడు. మా ఊరి సారా దుకాణంలో ఆయన గ్లాసు ఎత్తడమూ దించడమూ ఒక్కటే. కళ్ళు మూసుకొని, రుచి తెలియకూడదనే తాగేవాడు. నలభై దాటకుండానే పోయాడు. 1992లో నెల్లూరు జిల్లా స్త్రీలు సారాపై తిరగబడినప్పుడు మా అత్త ఆ వార్తలను రోజూ నా చేత చదివించుకొని వినేది. జర్మనీలో తాగుబోతులు లేరని కాదు, ఉన్నారు. ఓపికగా పోసినంత మాత్రాన మద్యం మంచిదైపోదు. అందుకే నా లెక్క ఒక్క గ్లాసు, రెండవది పోయను.

ఒక సంగతి మాత్రం మీకు చెప్పాలి. హాప్ పువ్వు నుండి దిగిన చేదే ధాన్యపు మాంసకృత్తులతో కలిసి ఆ బుడగలను చెదిరిపోకుండా పట్టి ఉంచుతుంది. పైకి మెత్తగా కనబడే ఆ కిరీటాన్ని మోస్తున్నది అడుగున ఉన్న చేదేనని తెలిసిన నాటి నుండి నేను నురుగును ఊది పక్కకు తోయను. దాని గుండానే తాగుతాను.