రఫ్ కాగితాలు పారేయకండి



నేను చెప్పేది ఇంగ్లీషే అయినా, పిల్లల నోట్‌బుక్కుల చివరి పేజీలు తప్పక చూస్తాను. సగం గీసిన ఏనుగులు, తోకలేని నెమళ్లు! "ఇంట్లో చూస్తే తిడతారు మేడమ్" అంటూ దాచేస్తారు.

స్పెయిన్‌లో బాంబు దాడికి గురైన ఊరిపై పికాసో 1937లో 'గెర్నికా' వేశాడు. దానికోసం సుమారు 45 స్కెచ్‌లు గీశాడు. కాన్వాసు మీద మొదట వేసిన, పైకెత్తిన పిడికిలిని తర్వాత తీసేశాడు. ఆ స్కెచ్‌లు ఇప్పటికీ మాడ్రిడ్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

మీ పాప గీసిన గుర్రానికి కాళ్లు కుదరలేదా? చెరిపించకండి. పక్కనే ఇంకోటి గీయమనండి. నాలుగయ్యాక, "వీటిలో దేనికి రంగులేద్దాం? ఎందుకు?" అని అడగండి. ఆ ఎంపిక తననే చేసుకోనివ్వండి. బొమ్మ తనదయ్యేది అప్పుడే.

ఈసారి రంగుల డబ్బాతో పాటు ఒక రఫ్ బుక్కు కూడా కొనివ్వండి.