గుణుపురం దారులూ, బండి టైర్లూ

వంశధార ఒడ్డున ఉన్న గుణుపురం మన తెలుగువారికి పరాయి ఊరు కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు అది విశాఖపట్టణం జిల్లాలోనిదే. తరువాత కోరాపుట్ జిల్లాలో చేరి, 1992లో రాయగడ జిల్లా వేరుపడినప్పుడు అందులో భాగమైంది. ఇప్పటికీ బజారులో ఒరియా, తెలుగు, సవర భాషలు మూడూ వినవస్తాయి. నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా వచ్చే చిన్న రైలు 1931 నాటికి ఇక్కడికి చేరింది. 2004లో ఆ బండి ఆగి, 2011లో బ్రాడ్‌గేజి రైలుగా తిరిగి వచ్చింది.

అయితే రైలు ఊరివరకే. అక్కడినుంచి కొండపల్లెలకు బియ్యం బస్తా వెళ్ళాలన్నా, సంతకు చింతపండూ జీడిపిక్కలూ దిగాలన్నా పికప్పు బండే ఆధారం. పర్లాకిమిడి వైపు తారురోడ్డు. పుట్టాసింగి వైపు సవర కొండలలోకి పోయి, పెద్దరోడ్డు విడిచి పల్లెదారి పట్టితే ఎర్రమట్టి, గులకరాళ్ళు, వానాకాలంలో వాగులు. ఒకే బండి ఒకేరోజున రెండు దారులూ తొక్కవలసి ఉంటుంది. అందుచేత ఇక్కడ టైరు సంగతి ముచ్చటకు మాట్లాడుకునేది కాదు, బతుకుతెరువుకు సంబంధించినది.

మేము ఎక్కిన బండి డ్రైవరును, "ఏ కంపెనీ టైరు మంచిది నాయనా?" అని అడిగాము. అతడు నవ్వి, "కంపెనీ సంగతి తరవాతండి బాబూ. ముందు బండి ఏ దారంట ఎల్తాదో సెప్పండి" అన్నాడు. ఆలోచించి చూస్తే విషయమంతా ఆ మాటలోనే ఉన్నది.

టైర్లు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది హెచ్.టి., అనగా రోడ్డు టైరు. దీని గాట్లు సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. తారుమీద చప్పుడు తక్కువ, తడిలో బ్రేకు బాగా పడుతుంది, డీజిలు కలిసివస్తుంది. కాని బురదలో దిగితే గాట్లన్నీ పూడిపోయి నున్నని బండవలె జారుతుంది. రెండవది ఎం.టి., అనగా బురద టైరు. పెద్దపెద్ద దిమ్మెలు, వాటి నడుమ వెడల్పాటి సందులు. తిరుగుతూనే బురదను విదిలించుకుంటుంది. తారుమీద మాత్రం రొద ఎక్కువ, అరుగుదల ఎక్కువ, తడిరోడ్డుమీద ఆగడానికి దూరం ఎక్కువ. మూడవది ఎ.టి.; ఈ రెండింటికీ మధ్యస్థం. వారంలో సగంరోజులు మట్టిదారి తొక్కే బండికి ఇదే ఉత్తమం. ఎప్పుడో ఒకనాడు కొండెక్కే బండికి రోడ్డు టైరే చాలు.

ఇక కంపెనీల సంగతి. ఎం.ఆర్.ఎఫ్. 1946లో మద్రాసులో పిల్లల బుడగలు చేస్తూ మొదలై, 1961 నుంచి టైర్లు చేస్తున్నది. తెలంగాణలో సదాశివపేటలో దాని కర్మాగారం ఉన్నది. సియట్ 1924లో ఇటలీలోని ట్యూరిన్‌లో పుట్టి, 1958లో మన దేశానికి వచ్చింది. అపోలో తొలి కర్మాగారం 1977లో కేరళలోని పెరంబ్రాలో వెలసింది. 2020లో ఆంధ్రలో చినపాండూరులోనూ ఒకటి ప్రారంభించారు. జె.కె. వారిది రాజస్థాన్‌లోని కాంక్రోలీ. జీపు తరహా బండ్లకు అపోలో వారి ఆప్టెరా, ఎం.ఆర్.ఎఫ్. వారి వాండరర్, జె.కె. వారి రేంజర్, సియట్ వారి క్రాస్‌డ్రైవ్ అనే పేర్లు వినబడతాయి. ఒక కంపెనీ రోడ్డు టైరును మరొక కంపెనీ బురద టైరుతో పోల్చడం వంకాయకూ బెండకాయకూ పోటీ పెట్టినట్లే. ఒకే రకంలో, ఒకే సైజులో పోల్చి చూడాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. షికారు బండికి చేసిన ఎ.టి. టైరు చూడడానికి దిట్టంగా ఉన్నా, సరుకు మోసే పికప్పుకు తగినది కాకపోవచ్చు. టైరు పక్కన సైజు తరువాత వేసిన అంకె మోయగల బరువును తెలుపుతుంది. 100 అని ఉంటే ఒక్కో టైరు 800 కిలోలు, 121 అని ఉంటే 1450 కిలోలు మోస్తుంది. బండితో వచ్చిన టైరు అంకెకంటె తక్కువది ఎన్నడూ వేయించరాదు. నిండు బరువుతో కొండదారి దిగేటప్పుడు టైరు పగిలితే పోయేది టైరు ఒక్కటే కాదు.

పక్కనే మరొక నాలుగంకెలు ఉంటాయి. 2324 అంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. కొట్టువాడు చవక అన్నప్పుడు ముందు ఆ అంకె చూడండి. గాటు లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టరీత్యా ఆ టైరు పనికిరాదు. బురదదారిలో అంతకు చాలా ముందే పట్టు పోతుంది.

గాలి విషయం మరువరాదు. బురదలోనో ఇసుకలోనో కూరుకుపోతే కొంత గాలి తీస్తే టైరు నేలపై వెడల్పుగా పరచుకుని పట్టు దొరుకుతుంది. కాని తారురోడ్డెక్కగానే మళ్ళీ నింపాలి. లేనిచో టైరు పక్కభాగం నలిగి, వేడెక్కి, పగిలిపోతుంది.

చివరగా, మంచి కంపెనీలు నాలుగింటిలో ఏది కొనాలని ఎవరైనా అడిగితే, మీ సైజు టైరు రాయగడలోనో పర్లాకిమిడిలోనో సాయంత్రంలోగా దొరికే కంపెనీదే కొనమని చెప్పవలసి ఉంటుంది. వానాకాలంలో మన బంధువులను చూడడానికి అటు వెళ్ళేవారు, బయలుదేరేముందు బండిచుట్టూ ఒకసారి తిరిగి నాలుగు టైర్లతోపాటు స్టెప్నీ కూడా చూసుకోవడం మంచిది.